నెల్లూరు నుంచి దుబాయ్‌కి ఎంతసేపు? దూరం, విమాన సమయం ఇలా లెక్కేసుకోండి

పిల్లలు దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో ఉన్న ఇళ్లు మా నెల్లూరులో చాలానే ఉన్నాయి. టికెట్ రాగానే అమ్మానాన్నలు అడిగేది ఒకటే, "ఎంతసేపు పడుతుంది నాయనా?" మనం టికెట్ మీది రెండు టైములు చూసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి చెప్పేస్తాం, అక్కడే లెక్క తప్పుతుంది.

ముందు దూరం చూడండి. మనం విమానం ఎక్కేది చెన్నైలో కాబట్టి, ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి చెన్నై ఎయిర్‌పోర్టు మీద వేలు నొక్కి పట్టుకుంటే గుర్తు పడుతుంది, కింద వచ్చే వివరాల్లో దూరం కొలిచే ఆప్షన్ నొక్కి, మ్యాప్‌ను దుబాయ్ దాకా జరపండి. సుమారు 2,900 కిలోమీటర్లు చూపిస్తుంది. రోడ్డు దారి చూసి లెక్కేయకండి, చెన్నై నుంచి ఢిల్లీకి రోడ్డు మీద 2,200 దాకా ఉంటే గాల్లో 1,760 కిలోమీటర్లే.

తర్వాత సమయం. పెద్ద విమానం పైకెళ్లాక గంటకు 800 నుంచి 900 కిలోమీటర్లు పోతుంది. దూరాన్ని 800తో భాగించి, ఎక్కడానికి దిగడానికి ఓ అరగంట కలపండి. దుబాయ్‌కి నాలుగు గంటలు దాటుతుంది, ఢిల్లీకి రెండుముప్పావు. ఎదురుగాలి ఉంటే ఇంకాస్త ఎక్కువ.

ఇప్పుడు అసలు తిరకాసు. టికెట్ మీద బయల్దేరే టైము మనది, దిగే టైము ఆ ఊరిది. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక, సింగపూర్‌ది రెండున్నర గంటలు ముందు. చెన్నైలో ఉదయం 10కి ఎక్కితే దుబాయ్‌లో 12:45కి, సింగపూర్‌లో సాయంత్రం 4:45కి దిగుతారనుకుందాం. చూడ్డానికి ఒకటి రెండుముప్పావు గంటలు, ఇంకోటి ఆరుముప్పావు. మొదటిదానికి గంటన్నర కలపండి, రెండోదాంట్లో రెండున్నర తీసేయండి, రెండూ నాలుగుంబావే! చెన్నై నుంచి ఆ రెండు ఊళ్లూ దాదాపు ఒకే దూరం మరి.

ఆఖరిది, మనలాంటి ఊళ్లవాళ్లు తప్పక చూసుకోవాల్సింది, ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు దాకా లెక్క. నెల్లూరు దగ్గర దగదర్తిలో కట్టాలనుకుంటున్న ఎయిర్‌పోర్టు నుంచి విమానాలు ఎగిరే రోజు వచ్చేదాకా మనకు చెన్నైయే గతి. దేశంలో ప్రయాణమైతే నెల్లూరు వాళ్లు రేణిగుంట, ఒంగోలు వాళ్లు గన్నవరం కూడా చూడండి. గూడూరు, నాయుడుపేట, తడ మీదుగా చెన్నై చేరడం ఒక ఎత్తు, ఊరికి ఆ చివర ఎయిర్‌పోర్టు ఉన్న మీనంబాకం చేరడం ఇంకో ఎత్తు, అందుకే కారులో అయినా నాలుగున్నర గంటలు పెట్టుకోండి. రైల్లో వెళ్తే సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కొచ్చు. విదేశీ ప్రయాణానికి మూడు గంటల ముందే అక్కడుండాలి.

తేదీ కూడా జాగ్రత్త. 15వ తేదీ రాత్రి 1:30 అంటే 14 రాత్రి గడిచాక వచ్చేది. మా మేనమామ 15 సాయంత్రం పెట్టె సర్దుకుని బయల్దేరాడు, విమానం ముందు రాత్రే వెళ్లిపోయింది, టికెట్ డబ్బులు ఒక్క రూపాయి వెనక్కి రాలేదు.

ఆ 1:30 విమానానికి నెల్లూరులో 14 సాయంత్రం 6కల్లా కదలాలి, ఓ అరగంట చేతిలో ఉంచుకుంటే 5:30కి. దుబాయ్‌లో దిగేసరికి మన టైము తెల్లవారి 5:45. గాల్లో నాలుగుంబావు గంటలే అయినా గడప దాటినప్పటి నుంచి 12 గంటలు పైనే. పెద్దవాళ్లకు ఈ అంకె చెప్పండి, "నెల్లూరులో బయల్దేరేది 14, సాయంత్రం 5:30" అని టికెట్ ప్రింటు మీద పెన్నుతో పెద్దక్షరాల్లో రాసివ్వండి. రాత్రి భోజనం ఎయిర్‌పోర్టులోనే కాబట్టి షుగర్ మాత్రలు పెద్ద పెట్టెలో కాకుండా చేతిసంచిలో పెట్టండి.