అసలు పని – 3వ పాఠం: చిల్లర పనుల చాటున

పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం చేశారనుకుంటాను. మూడు రోజులపాటు చేసిన ప్రతి పనినీ వెంటనే ఒక్క ముక్కలో రాసిపెట్టమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఒక్కో పనినీ చూస్తూ, "ఇది చేయకపోయి ఉంటే నెల తర్వాత నాకు నష్టం కనిపించేదా?" అని అడగండి. అవుననిపించిన వాటి చుట్టూ మాత్రం పెన్సిలుతో సున్నా చుట్టండి.

చాలామందికి కాగితం నిండా పనులుంటాయి, సున్నాలు మాత్రం ఒకటో రెండో. మనసు చివుక్కుమంటుంది, నిజమే. కానీ ఆ కాగితాన్ని ఇంకోసారి చూడండి. బద్ధకస్తుల కాగితం అలా నిండదు. మీరు పొద్దుటి నుంచి రాత్రి దాకా కష్టపడ్డారు. ఆ కష్టం ఎటు పోయిందన్నదే ఇవాళ్టి పాఠం.

మెయిళ్లకు జవాబులు, ఫైళ్లకు పేర్లు మార్చడం, బల్ల సర్దడం లాంటి వాటిలో ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసు, ఎక్కడ అయిపోతుందో కళ్ల ముందే ఉంటుంది. "అమ్మయ్య, ఒకటయింది" అనిపిస్తుంది. అసలు పనికి మొదలూ కనపడదు, చివరా కనపడదు. పైగా దాని వెంట ఒక భయం వస్తుంది. సరిగ్గా రాకపోతే? చూసినవాళ్లు బాగాలేదంటే? ఆ భయం తగిలిన క్షణంలోనే చెయ్యి చిల్లర పని మీదికి పోతుంది.

తొందర అనే ముసుగు వేసుకొచ్చిన పని మనల్ని ఇంకా తేలిగ్గా లాగేస్తుంది. 2018లో మెంగ్ జూ, మరో ఇద్దరు పరిశోధకులు ఈ సంగతి ప్రయోగాల్లో చూపించారు. గడువు దగ్గర్లో ఉన్నట్టు కనిపిస్తే చాలు, లాభం తక్కువైనా జనం ఆ పనికే మొగ్గారు. తమకు ఎప్పుడూ తీరిక ఉండదనుకునేవాళ్లలో ఈ మొగ్గు ఎక్కువ. ఏ పనికి ఎంత లాభమో ఎంచుకునేటప్పుడే గుర్తుచేస్తే మాత్రం తగ్గింది. మీ చేత సున్నాలు చుట్టించింది అందుకే.

ఇక ఈ వారం నేర్చుకోవాల్సిన విద్య: పనిని కోసి రాయడం.

నాకిది తెలిసొచ్చింది ఒక నివేదిక దగ్గర. ఆరు వారాలు నా జాబితాలో "నివేదిక పూర్తి చేయాలి" అనే లైను అలాగే ఉండిపోయింది. దాని కింద ఉన్నవన్నీ రోజూ కొట్టేసేదాన్ని, అది మాత్రం మర్నాటి కాగితం మీదికి ఎక్కేది. ఒకరోజు ఆ లైను దగ్గరే ఆగి చదివాను. అందులో నా చెయ్యి చేయాల్సిందేమిటో ఎక్కడా లేదు. పక్కనే ఇలా రాశాను: "ఫైలు తెరిచి, మూడో భాగంలోని రెండు పట్టికల మొత్తాలు ఏ వరుస దగ్గర తేడా వస్తున్నాయో పట్టుకుని, ఆ వరుస కింద గీత గీయాలి." ఇరవై నిమిషాల్లో గీత పడింది. ఇన్నాళ్లూ నన్ను ఆపింది ఆ తేడాయే. తప్పు నాదేమోనని భయం. తప్పు నాదే. సరిదిద్దడానికి ఇంకో గంట పట్టింది, అంతే.

ఆ లైనులో ఏం తీసుకోవాలో ఉంది, ఏం చేయాలో ఉంది, ఎక్కడ ఆగాలో ఉంది. మీరు రాసేదాంట్లోనూ ఈ మూడూ ఉండాలి. "పరీక్షకు చదవాలి" అని కాకుండా, "పోయిన ఏడాది ప్రశ్నపత్రం తీసి, మొదటి ఐదు ప్రశ్నలు పుస్తకం చూడకుండా రాయాలి" అని రాయండి. "అన్నయ్యతో అప్పు సంగతి తేల్చుకోవాలి" అని ఉంటే, "అన్నయ్యకు ఫోన్ చేసి, ఆదివారం ఓ గంట కూర్చుందామా అని అడగాలి" అని మార్చండి. మాట్లాడాల్సిన పనులు కాగితం పనులకంటే గట్టిగా భయపెడతాయి. వాటిని ఇంకా చిన్నగా కోయండి.

ఒక్క జాగ్రత్త. కోసి రాయడమే ఇంకో చిల్లర పనిగా మారగలదు. మొదటి ముక్క ఒక్కటే రాయండి. రెండు నిమిషాలు దాటితే పెన్ను పక్కన పెట్టేయండి. మొత్తం పనిని పాతిక ముక్కలు చేసి అందంగా రాసుకున్నవాళ్లు మొదటి ముక్క ముట్టుకోకుండా ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను.

రాసిన లైనుకు ఒక సందర్భం కూడా ముడివేయండి. "ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను" అనే తీరులో అనుకున్న పనులు ఎక్కువగా నెరవేరుతాయని మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరించారు. "రేపు పొద్దున" అంటే చాలదు. "కుర్చీలో కూర్చోగానే, మెయిల్ తెరవకముందే" అని రాయండి.

పని మధ్యలో చిల్లర పనులు గుర్తొస్తాయి, తప్పదు. వాటికోసం పక్కన ఒక చీటీ ఉంచుకోండి. గుర్తొచ్చినదాన్ని దాని మీద రాసేసి, మళ్లీ పనిలోకి రండి.

ఈ వారం అభ్యాసం: ఎక్కువ రోజులుగా మర్నాటి కాగితాలకు ఎక్కుతున్న పని ఒక్కటి తీసుకోండి. ఐదు రోజులు, రోజుకో ముక్క, ఇరవై ఐదు నిమిషాలకు మించకుండా. చీటీలు మాత్రం పారేయొద్దు. వచ్చే పాఠంలో వాటిని పక్కపక్కన పరిచి, ఏ చిల్లర పని ఏ భయం వెనకాల వచ్చిందో వెతకబోతున్నాం.