బొంత కుట్టేవాళ్ళు ఎలాంటి ఇస్త్రీ పెట్టె కొనాలి?

గుడ్డ ముక్కలు కలిపి కుట్టే బొంతలో, ముక్కకూ ముక్కకూ మధ్య మొత్తం పన్నెండు కుట్లున్న వరసలో ఒక్కో కుట్టు దగ్గర వీసం, అంటే అంగుళంలో 16వ వంతు గుడ్డ మడత కింద ఉండిపోయిందనుకోండి. వరస మొత్తం ముప్పావు అంగుళం తగ్గిపోతుంది. పక్క వరసతో కలిపేటప్పుడు మూలలు కలవవు. లాగి కుడితే బొంత అక్కడక్కడా ఉబ్బుతుంది. కొలత ప్రకారం కత్తిరించి, పావు అంగుళం వదిలి తిన్నగా కుట్టినా ఇలా అవుతుంటే మిషనును అనుమానించక్కర్లేదు, ఇస్త్రీ సరిగ్గా పడటం లేదు.

చొక్కాలకు చక్కగా పనిచేసే పెట్టె ముక్కల బొంతకు అక్కరకు రాకపోవచ్చు. చొక్కా మీద పెట్టెను తోసుకుంటూ పోతాం. ముక్కల మీద అలా తోస్తే గుడ్డ సాగుతుంది, ముఖ్యంగా త్రికోణాల క్రాసు అంచులు, అంటే పోగులకు ఏటవాలుగా కత్తిరించినవి. అందుకే పెట్టెను ఎత్తి, కుట్టు మీద ఆనించి, రెండు మూడు సెకన్లు ఒత్తి, మళ్ళీ ఎత్తి పక్కన పెట్టాలి. పూటంతా ఇలా ఎత్తి దించుతూనే ఉండాలి కాబట్టి పెట్టెను ఆ పనికి తగ్గట్టు ఎంచుకోవాలి.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నీళ్ళూ కరెంటూ తెలిసినవాళ్ళుగా మేం చెప్పేది ఇది: అడుగున ఒక్క రంధ్రం కూడా లేని, కిలో నుంచి కిలోన్నర బరువుండే 1000 వాట్ల డ్రై ఐరన్, అంటే ఆవిరి రాని పెట్టె కొనండి. పక్కన సన్నగా మంచులా చిమ్మే స్ప్రే బాటిల్ పెట్టుకోండి. ఖరీదైన ఆవిరి పెట్టె చేసే పనిలో బొంతకు కావలసినదంతా ఈ రెండూ కలిసి చేస్తాయి, ఎక్కువ కాలం మన్నుతాయి కూడా.

అడుగు పలక

మొదట పెట్టెను తిరగేసి పలక చూడండి. ఆవిరి పెట్టెల్లో రంధ్రాలున్నచోట లోహం గుడ్డకు తగలదు, అక్కడ ఒత్తిడీ ఉండదు. చీర మీద ఆ తేడా కనిపించదు. ఒకటిన్నర అంగుళాల ముక్క మీద మాత్రం కుట్టు సరిగ్గా రంధ్రం కిందికి వస్తే సగమే అణుగుతుంది. జిగురు వెనకున్న గుడ్డ అతికించి బొమ్మలు వేసేవాళ్ళకైతే ఇంకా ఇబ్బంది. రంధ్రం పడినచోట జిగురు కరగక, ఉతికాక అక్కడే బుడగలా లేస్తుంది.

తర్వాత ముక్కు చూడండి. మొన తేలి ఉండాలి. కుట్టును రెండు వైపులకూ విప్పి నొక్కేటప్పుడు ఆ మొనే కుట్టు పాయలో దూరాలి. మొద్దు ముక్కున్న పెట్టె అక్కడికి పోలేదు.

పలక చదునుగా ఉందో లేదో తెలుసుకోవడానికి చిన్న స్టీలు స్కేలు పట్టుకుపోండి. స్కేలు అంచును పలక మీద నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టండి. మధ్యలో సందు నుంచి వెలుగు కనిపిస్తే ఇంకో పెట్టె అడగండి. షాపువాళ్ళు ఏమైనా అనుకుంటారని మొహమాటపడొద్దు.

పలక లోహం మీద మాకు పెద్ద పట్టింపు లేదు. నాన్‌స్టిక్ పూత ఉన్నది జిగురుకీ గంజికీ సులువుగా శుభ్రపడుతుంది, కానీ గుండుసూది మీద ఒక్కసారి పోయినా గీత పడుతుంది. ఆ గీత దారపు పోగుల్ని పట్టి లాగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పలక గీతలకు కొంత ఓర్చుకుంటుంది. గుండుసూదులు పెట్టి కుట్టే అలవాటుంటే స్టీలే నయం.

బరువు

పెట్టె తేలికైతే చెయ్యి నొయ్యదని కొంటారు. అరకిలో, ముప్పావుకిలో పెట్టెతో కుట్టు అణగాలంటే భుజం బలం వేసి నొక్కాలి, సాయంత్రానికి ఆ నొప్పి మణికట్టుకు చేరుతుంది. కిలో దాటిన పెట్టె తన బరువుతోనే ఒత్తుతుంది, మనం ఎత్తితే చాలు. రెండు కిలోలు దాటితే మళ్ళీ ఎత్తడమే కష్టం. వీధి చివర బండి మీద వాడే బొగ్గుల పెట్టె ఒత్తిడికి సాటి లేదు గానీ దాని వేడి మన అదుపులో ఉండదు, నిప్పురవ్వ గానీ బూడిద గానీ లేతరంగు ముక్క మీద పడితే మచ్చ పోదు.

షాపులో పెట్టెను పట్టుకుని ఇరవైసార్లు ఎత్తి దించండి. పిడిలో వేళ్ళు ఇరుక్కోకూడదు. నిలబెట్టి బల్లను కొద్దిగా కదిపి చూడండి, ఊగితే వద్దు. వైరు పెట్టె వెనక మధ్యలోంచి వచ్చి అటూ ఇటూ తిరిగేలా ఉండాలి. ఎడమచేతివాటం వాళ్ళు ఇది తప్పకుండా చూసుకోవాలి.

వాట్లు, వోల్టేజీ, ప్లగ్గు

వాట్లు ఎక్కువుంటే పెట్టె ఎక్కువ వేడెక్కుతుందనుకోవడం పొరపాటు. ఎంత వేడి దగ్గర ఆగాలో లోపలి థర్మోస్టాట్ చూసుకుంటుంది. వాట్లు చెప్పేది ఆ వేడికి ఎంత త్వరగా చేరుతుంది, తడి గుడ్డ మీద పెట్టి చల్లబడ్డాక ఎంత త్వరగా కోలుకుంటుంది అన్నదే. 750 వాట్ల పెట్టెతో కూడా బొంత చెయ్యొచ్చు, కాకపోతే వరసగా ఇరవై ముక్కలు ఒత్తాక కాసేపు ఆగాలి.

మన పల్లెల్లో వేసవి మధ్యాహ్నాలు వోల్టేజీ పడిపోతుంది. 230 ఉండాల్సింది 180కి దిగితే 1000 వాట్ల పెట్టె 610 వాట్ల దగ్గరే పనిచేస్తుంది, ఎందుకంటే వోల్టేజీ తగ్గిన దానికి వర్గం లెక్కన శక్తి తగ్గుతుంది. పెట్టె చెడిపోయిందని కంగారుపడక్కర్లేదు. ఇస్త్రీ పని పొద్దునపూటకు మార్చుకుంటే సరిపోతుంది.

1000 వాట్లంటే 4.3 ఆంపియర్లు, మామూలు 6 ఆంపియర్ల సాకెట్టు చాలు. 2000 వాట్ల ఆవిరి పెట్టె 8.7 ఆంపియర్లు లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గే కావాలి. కుట్టుమిషను దగ్గర సాధారణంగా ఉండేది చిన్న సాకెట్టే. దానికి మార్పిడి ప్లగ్గు పెట్టి, సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సుతో పెద్ద పెట్టె వాడితే వైరు కాగి, సాకెట్టు కరుగుతుంది. ఇంట్లో ఇన్వర్టరు మీదున్న పాయింటులో ఏ ఇస్త్రీ పెట్టే పెట్టొద్దు, బ్యాటరీ తట్టుకోలేదు.

పెట్టె మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి. నీళ్ళు చిలకరిస్తూ చేసే పని కాబట్టి ఎర్త్ లేని బోర్డులో పెట్టకండి. కొత్తపట్నం, మైపాడు లాంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి ప్లగ్గు పిన్నుల మీద చిలుము పడుతుంది. అప్పుడు పట్టు వదులై ప్లగ్గు వేడెక్కుతుంది. నెలకోసారి స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసి, పిన్నులను పొడిగుడ్డతో గట్టిగా తుడవండి.

ఆవిరి కావాలనిపిస్తే

ఆవిరితో రెండు చిక్కులు. ఒకటి గుడ్డది: తేమా వేడీ కలిసి క్రాసు అంచుల్ని సాగదీస్తాయి, చతురస్రం కాస్తా వంకరపోతుంది. రెండోది నీళ్ళది. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగార ఎలా కడుతుందో చూశారు కదా, పెట్టె లోపలా అదే జరుగుతుంది. ఆ ప్రాంతం పేరు చెప్పగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ పెట్టెను మూసేసేది కాల్షియం, మెగ్నీషియం లవణాలు. రంధ్రాలు మూసుకుపోయాక లోపలి గార ఊడి గోధుమరంగు నీటితో కలిసి తెల్లముక్క మీద ఉమ్మినట్టు పడుతుంది.

అయినా ఆవిరి పెట్టే కొన్నారంటే డిస్టిల్డ్ వాటర్ పొయ్యండి. వాటర్ ప్లాంటు క్యాను నీళ్ళు బోరు నీళ్ళకంటే నయమే, కానీ వాటిలోనూ కొంత లవణం ఉంటుంది. ఏసీ నుంచి కారే నీళ్ళు మంచివని కొందరు పోస్తుంటారు. వాటిలో దుమ్మూ నాచూ ఉంటాయి, వద్దు. పెట్టెలో సెల్ఫ్ క్లీన్ మీట ఉంటే నెలకోసారి నీళ్ళు నింపి, పూర్తి వేడి చేసి, ప్లగ్గు తీసి, తొట్టి మీద పట్టి కదిలిస్తూ ఖాళీ చెయ్యండి. పుస్తకంలో రాసి ఉంటే తప్ప వెనిగర్ పొయ్యొద్దు. పని అయ్యాక నీళ్ళు వంచేయడం మరవొద్దు. ఇంకో మాట: వేడి తక్కువలో పెట్టి ఆవిరి మీట తిప్పితే నీళ్ళు ఆవిరి కాకుండానే బొట్లుగా కారతాయి. చాలామంది పెట్టె లీకవుతోందని షాపుకు తీసుకుపోయేది ఇందుకే.

తనంతట తాను ఆగిపోయే ఏర్పాటున్న పెట్టెలు చాలావాటిలో పడుకోబెట్టి వదిలేస్తే అర నిమిషానికి, నిలబెడితే ఎనిమిది నిమిషాలకు కరెంటు ఆగుతుంది. రెండు ముక్కలు కుట్టి లేచి వచ్చేసరికి పెట్టె చల్లగా ఉంటుంది. పని పాడవుతున్నా పిల్లలున్న ఇంట్లో ఇది ఉండటమే మంచిదంటాం. అలాంటిది లేని పెట్టె వాడేవాళ్ళు లేచిన ప్రతిసారీ స్విచ్చు ఆపాలి.

వైరు లేని పెట్టెలు బొంతకు వద్దు, ఎత్తిన కాసేపటికే చల్లబడతాయి.

కొన్న రోజే పరీక్ష

బిల్లు జాగ్రత్తగా పెట్టుకుని ఈ రెండు పనులూ చెయ్యండి. పెట్టెను కాటన్ గుర్తు దగ్గర పెట్టి, లైటు రెండుసార్లు ఆరి వెలిగేదాకా ఆగండి. మొదటిసారి వేడి హద్దు దాటి పోతుంది, రెండో విడతకు కుదురుకుంటుంది. ఇప్పుడు ఉతికిన తెల్ల పంచె ముక్క మీద పది సెకన్లు ఆనించండి. పసుపురంగు తిరిగితే థర్మోస్టాట్ సరిగా లేదు, మార్పించండి.

రెండోది, రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలు రెండు తీసుకుని పావు అంగుళం వదిలి కుట్టండి. విప్పకుండానే కుట్టు మీద మూడు సెకన్లు ఒత్తండి, దారం గుడ్డలో కూర్చుంటుంది. చల్లారనిచ్చి, ముదురు రంగు పట్టీ పైకి ఉండేలా బల్ల మీద పరిచి, దాన్ని వేలితో వెనక్కి తిప్పి, పెట్టె ముక్కును కుట్టు వెంబడి ఎత్తి పెడుతూ ఒత్తండి. కుట్టు మిగులు ముదురు రంగు కిందికి పోతుంది, లేతరంగులోంచి నీడలా కనపడదు. ఆరాక కొలవండి, నాలుగున్నర అంగుళాలు రావాలి. తక్కువొస్తే తిరగేసి చూడండి. కుట్టు పక్కన సన్నని మడత దాగి ఉంటే ముక్కు మొద్దుగా ఉందనో, గుడ్డను పూర్తిగా విప్పలేదనో అర్థం. మడత లేకున్నా తగ్గితే కుట్టు పావు అంగుళం దాటింది.

బల్ల, చెక్క, వేడి

మెత్తటి పరుపు మీద ఏ పెట్టెతో చేసినా కుట్టు పరుపులోకి దిగిపోయి పైన గట్టులా నిలుస్తుంది. గట్టి బల్ల మీద ఉతికి ఆరేసిన గోనెపట్టా ఒక మడత, దాని మీద గొంగళి, పైన రంగు దిగని కాటన్ గుడ్డ బిగించండి. ఉన్ని వేడిని పట్టి ఉంచి కింద నుంచి కూడా కుట్టును కాస్తుంది. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, వెంట్రుకే. కాబట్టి గొంగళి రాయలసీమ నుంచో తెలంగాణ నుంచో వచ్చినది చూసుకోవాలి. ఫైబరు కంబళి పనికిరాదు, కరుగుతుంది.

వడ్రంగి చేత పది అంగుళాల పొడవు, రెండున్నర అంగుళాల వెడల్పు గట్టి చెక్క ఒకటి నున్నగా చిత్రిక పట్టించుకోండి. వార్నిష్, నూనె ఏమీ పుయ్యకూడదు. పెట్టె ఎత్తిన వెంటనే చెక్కను కుట్టు మీద పెట్టి పది సెకన్లు అదమండి. వేడి బయటికి పోకుండా, తేమ చెక్కలోకి ఇంకుతూ, కుట్టు కాగితంలా అణుగుతుంది. తేలికపాటి పెట్టె ఉన్నవాళ్ళకు కొత్తది కొనేకంటే ఈ చెక్కే మేలు.

పాత చీరలూ టైలరు షాపు కట్ పీసులూ కలిపే బొంతల్లో ఏ గుడ్డ ఏదో చెప్పలేం. రెండు పోగులు తీసి వెలిగించి చూడండి: కాటన్ కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. పెట్టె మీద ఒక చుక్క 110, రెండు చుక్కలు 150, మూడు చుక్కలు 200 డిగ్రీల సెల్సియస్ వరకు. ముక్కల్లో ఏది అన్నిటికంటే తక్కువ వేడి తట్టుకుంటుందో దానికే మీట తిప్పాలి. వెంకటగిరి చీర జరీ అంచు వాడుతుంటే తిరగేసి, పైన పల్చటి పంచెగుడ్డ వేసి, రెండు చుక్కలు దాటకుండా ఒత్తండి. నేరుగా వేడి తగిలితే జరీ ముడుచుకుపోతుంది. లోపల ఫైబరు పొర పెట్టి మూడు పొరలూ కలిపాక మరి ఇస్త్రీ చెయ్యొద్దు, పొర అణిగి అట్టలా గట్టిపడుతుంది.

గంజి, జిగురు, మచ్చలు

కత్తిరించే ముందు గుడ్డకు పల్చటి గంజి పెడితే క్రాసు అంచులు సాగవు. అయితే గంజి చెమ్మగా ఉండగానే మూడు చుక్కల వేడి పెడితే అది పలకకు అంటుకుని మాడుతుంది, తర్వాతి ముక్క మీద గోధుమరంగు చారగా దిగుతుంది. తొంభై పాళ్ళు ఆరాక ఒత్తండి. జిగురు గుడ్డకు పైనా కిందా బేకింగ్ పేపర్ వెయ్యండి.

పలకకు పట్టిన మరక తియ్యాలంటే, ప్లగ్గు తీసిన చల్లటి పెట్టె మీద వంటసోడా ముద్ద రాసి, పది నిమిషాలాగి తడిగుడ్డతో తుడవండి. పూత లేని పలకైతే కాగితం మీద ఉప్పు చల్లి గోరువెచ్చగా నాలుగుసార్లు రుద్దొచ్చు. పూత ఉన్నదానికి ఉప్పూ, గరుకు కాగితమూ, స్టీలు పీచూ తగలనివ్వకండి. చివరగా పాతగుడ్డ మీద ఒకసారి నడిపాకే బొంత ముట్టండి. పెట్టె పూర్తిగా చల్లారాకే వైరు చుట్టాలి, అదీ వదులుగా. వేడి పలక మీద బిగించి చుట్టిన వైరుకు మొదట పిడి దగ్గరే పగులు వస్తుంది.