బల్లకు ముందు సమాధానపడటం ఎలా

మొదటి ఆదివారం ప్రభువు బల్ల (సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) ఉంటే, ముందు సోమవారమే ఎవరితో సమాధానపడాలో రాసుకోవడానికి ఒక కాగితం తీసుకోండి. అర్పణ తెచ్చినప్పుడు నీమీద సహోదరునికి విరోధముందని గుర్తొస్తే, దాన్ని బలిపీఠం ముందే వదిలి వెళ్లి సమాధానపడమని యేసు అన్నాడు. ఆ మత్తయి 5:23-24 మాట ఎటు తిరిగి ఉందో ముందు చూసుకోవాలి. మనకు ఎవరిమీద కోపముందో అక్కడ అడగలేదు, మనమీద ఎవరికి విరోధముందో అడిగింది. "నన్ను బాధపెట్టినవాళ్లు" అని జాబితా మొదలైతే ఆ కాగితం చింపేయండి. ఆ మాట చెప్పింది గలిలయలో. బలిపీఠమేమో యెరూషలేములో, వంద కిలోమీటర్ల పైమాటే. అర్పణ అక్కడే వదిలి ఇంటికెళ్లి సమాధానపడి రమ్మంటే రోజుల తరబడి నడక. మనకైతే పక్క వీధి.

డబ్బు సంగతైతే క్షమాపణకంటే ముందు లెక్క తేల్చాలి. లేవీయకాండము 6:5 ప్రకారం అసలుకు అయిదో వంతు కలిపి, అపరాధ పరిహారార్థబలి (చేసిన తప్పుకు అర్పించే బలి) ఇచ్చే రోజే చేతికివ్వాలి. ఎగ్గొట్టిన చేబదులు 20,000 అయితే ఇవ్వాల్సింది 24,000. సువార్తలోని పన్ను వసూలుదారు జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, అది ఆయన ఉదారత. అయిదో వంతు మాత్రం మనం తప్పించుకోలేనిది. ఒకేసారి కుదరకపోతే నెలకింతని తేదీలతో రాసివ్వండి. కూలీకి ఆపిన డబ్బు అన్నిటికంటే ముందు తీర్చాలి. తెల్లారేదాకా కూడా ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13 చెబుతుంది.

నోటి తప్పు ఇంకా కష్టం. సంఘంలోని స్త్రీల సమాజంలో పదిమంది ముందు ఒకామెను తక్కువ చేసి మాట్లాడితే, ఆమె చెవిలో క్షమాపణ చెప్పి ఊరుకుంటే చాలదు. ఆ పదిమందికీ నేనన్నది తప్పని చెప్పాలి.

ఒంటరిగా, ముందే అడిగి వెళ్లండి. చేసిన పని పేరు పెట్టి చెప్పండి: "నీ వాటా పొలం గట్టు జరిపాను." ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. "నావల్ల ఏమైనా తప్పు జరిగి ఉంటే" అన్న మాటలో ఒప్పుకోలు లేదు. "నువ్వూ అన్నావుగా" అంటే మళ్లీ పాత తగాదాయే. అవతలివాళ్లకు "డెబ్బది ఏళ్ల మారులు" (డెబ్బై ఏడుల సార్లు క్షమించాలన్న మత్తయి 18:22) వచనం వినిపించడం క్షమాపణను బలవంతంగా లాక్కోవడమే. ఇక పాస్టరుగారికి ముందు చెప్పి పంపడం, ఆదివారం సంఘం ముందు చెప్పే సాక్ష్యంలో వాళ్ల పేరెత్తడం అసలొద్దు.

వాళ్లు ఒప్పుకోకపోతే బాకీ తీర్చి వచ్చేయండి, పదేపదే గుమ్మం తొక్కొద్దు. కొట్టినవాడు కొట్టించుకున్నామెను వెతుక్కుంటూ అసలే వెళ్లకూడదు. ఒంటరిగా మాట్లాడుకోమని మత్తయి 18:15 చూపించి ఆమెను అతని ఎదుట కూర్చోబెట్టే పెద్దలదీ తప్పే. అక్కడ ఆమె భద్రత ముందు, అవసరమైతే పోలీసులు.

బాకీ పడిన మనిషి చనిపోతే వారసులకివ్వండి. ఎవరూ లేకపోతే ఆ సొమ్ము యెహోవాకు చెందుతుందని సంఖ్యాకాండము 5:8లో ఉంది. అప్పుడు కానుక పెట్టెలో వేయొచ్చు, కాకపోతే దాతల పేర్లలో మన పేరు చదివించుకోకుండా.