లిబర్టేరియన్ ఉద్యమం మీద కన్జర్వేటివ్ల పట్టు ఎంతో తేల్చుకోవడం ఎలా

లిబర్టేరియన్లంటే మనిషి సొంత విషయాల్లో ప్రభుత్వం వేలు పెట్టకూడదు అనేవాళ్ళు; కన్జర్వేటివ్లంటే సంప్రదాయాన్ని నిలబెట్టాలి అనేవాళ్ళు. పన్నులు తగ్గాలి, ప్రభుత్వం చిన్నదవ్వాలి అనే దగ్గర లిబర్టేరియన్లదీ కన్జర్వేటివ్లదీ ఒకటే మాట. అందుకని అమెరికాలో ఒక ఉద్యమం ఎవరి చేతుల్లో ఉందో తెలుసుకోవాలంటే పన్నుల పేజీ పక్కన పెట్టేయండి. అక్కడ తేడా దొరకదు.

దొరికేది ఈ ఐదింటి దగ్గర: నిర్బంధ సైనిక సేవ, మాదకద్రవ్యాల నిషేధం, వలసలు, దిగుమతి సుంకాలు, పోలీసు నిఘా. ఒక్కోదానికీ ఒకే ప్రశ్న వేయండి. ఎవరికీ హాని చెయ్యని మనిషి మీద ప్రభుత్వం బలం వాడితే వీళ్ళు ఒప్పుకుంటారా? ఒప్పుకుంటే అక్కడ కన్జర్వేటివ్ల పట్టు ఉన్నట్టు. 1969లో సెయింట్ లూయిస్‌లో 'యంగ్ అమెరికన్స్ ఫర్ ఫ్రీడమ్' అనే కన్జర్వేటివ్ యువజన సంఘం మహాసభ రెండుగా చీలింది. పన్నుల మీద కాదు, నిర్బంధ సైనిక సేవ మీద. సభలోనే ఒకరు డ్రాఫ్ట్ కార్డు (సైనిక సేవకు పేరు నమోదైనట్టు ఇచ్చే కార్డు) తగలబెట్టడంతో గొడవ ముదిరింది.

గర్భస్రావాన్ని ఈ జాబితాలో కావాలనే చేర్చలేదు. అక్కడ హాని ఎవరికి అన్నదాని మీదే లిబర్టేరియన్లకు పడదు. 1988లో లిబర్టేరియన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడ్డ రాన్ పాల్ స్వయానా ప్రసూతి వైద్యుడు, గర్భస్రావానికి వ్యతిరేకి. ఆ ఒక్కటి చూసి కన్జర్వేటివ్ అని ముద్ర వేస్తే లెక్క తప్పుతుంది. అలాగే చర్చికి వెళ్ళేవాళ్ళంతా కన్జర్వేటివ్లు కారు. తన నమ్మకాన్ని చట్టంగా మార్చి పొరుగువాడి మీద రుద్దాలనుకుంటేనే లెక్కలోకి తీసుకోండి.

తర్వాత లిబర్టేరియన్ పార్టీ విధాన పత్రం పాత ప్రతీ కొత్త ప్రతీ పక్కపక్కన పెట్టండి. చేర్చినవాటికంటే తీసేసినవాటిని ముందు వెతకండి. 2022లో రీనో నగరంలో జరిగిన మహాసభలో, పార్టీలోని కుడివైపు మొగ్గే వర్గమైన మైసెస్ కాకస్ పగ్గాలు చేపట్టాక గర్భస్రావం మీది అంశం పోయింది. విద్వేషాన్ని ఖండించే వాక్యం పోయి, ఆ చోట అందరి హక్కులనూ కాపాడతామనే వాక్యం వచ్చింది. మూల సిద్ధాంతాల ప్రకటన ఒక్కటే చదివితే ఈ మార్పులేవీ కనిపించవు. దాన్ని సవరించాలంటే ప్రతినిధుల్లో 8లో 7 వంతులు, అంటే 800 మంది ఉంటే 700 మంది, ఒప్పుకోవాలి. నాయకత్వం ఎటు మళ్ళినా ఆ ప్రకటన చెక్కుచెదరదు.

"రాష్ట్రాలకు వదిలేద్దాం" అనే మాట దగ్గర బాగా జాగ్రత్తపడాలి. వినడానికి స్వేచ్ఛలాగే ఉంటుంది. కానీ జైల్లో పెట్టేది వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వమైనా రాష్ట్రమైనా లోపల ఉన్నవాడికి ఒకటే. ఆ మాట అన్నవాళ్ళను, సొంత రాష్ట్రంలో ఆ నిషేధానికి ఓటేస్తారా అని అడగండి.

చివరగా, వేదిక ఎక్కిన అతిథిని బట్టి తీర్పు చెప్పకండి. 2024 మహాసభకు ట్రంప్ వచ్చి ఓట్లు అడిగితే చాలామంది గేలిచేశారు. అదే సభ మైసెస్ కాకస్ మనిషిని మళ్ళీ పార్టీ అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. అధ్యక్ష అభ్యర్థిగా మాత్రం ఆ వర్గం బలపరిచిన మనిషిని కాదని, ఏడో రౌండు ఓటింగులో చేజ్ ఆలివర్‌ను ఎంచుకుంది. పదవికి పడ్డ ఓట్లూ అభ్యర్థికి పడ్డ ఓట్లూ వేరువేరుగా రాసుకోండి, రౌండు రౌండుకీ.