రోజూ వెళ్లని ఆఫీసుకు దారి ఖర్చులు

నేను ఇంటి నుంచే పనిచేసే కాంట్రాక్టర్‌ని. రెండు రోజుల మీటింగ్ కోసం క్లయింట్ ఆఫీసుకు వెళ్లొచ్చి బిల్లులు పంపితే, "ఆఫీసుకు వచ్చిపోయే ఖర్చు మేమివ్వం" అని తిప్పి పంపారు. రోజూ వెళ్తున్నానా ఏమన్నా! కాంట్రాక్టు తీసి చూస్తే అప్పుడు అర్థమైంది: "పనిచేసే చోటు" అన్న దగ్గర వాళ్ల ఆఫీసు చిరునామా ఉంది. పాత నమూనాలోంచి అలాగే వచ్చేసింది, నేనూ చదవకుండా సంతకం పెట్టేశాను.

ఆ లైనులో మా ఇంటి చిరునామా వేయించి, నన్ను రమ్మని పిలిచిన మెయిల్ జతచేసి, ఇన్‌వాయిస్‌లో ప్రయాణ ఖర్చును విడిగా చూపించి మళ్లీ పంపాను. వారంలో డబ్బు పడింది.

టాక్సీ రసీదు ఒక్కటే పనికిరాకుండా పోయింది. పర్సులోనే ఉంది గానీ, వేడితో అచ్చయ్యే థర్మల్ కాగితం కదా, అక్షరాలన్నీ వెలిసిపోయి తెల్లగా మిగిలింది. ఇప్పుడు బండి దిగగానే ఫొటో తీసేస్తున్నాను.