పాత అంబాసిడర్‌లో వచ్చీపోయే కరెంటు లోపం: ఎలా పట్టుకోవాలి, ఎలా సరిచేయాలి

దక్షిణ ఒడిశాలోని సుంకి ఘాట్‌లో ఆగిపోయిన బండి కొరాపుట్‌లో మెకానిక్ ముందుకు రాగానే ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. లోపం కనపడదు కాబట్టి ముందు కాయిల్ (స్పార్క్‌కు కావలసిన ఎక్కువ వోల్టేజీ తయారుచేసేది) మారుస్తారు. మళ్లీ ఆగితే కండెన్సర్ (డిస్ట్రిబ్యూటర్‌లో ఉండే చిన్న డబ్బీ లాంటి భాగం), ఆ తర్వాత బ్యాటరీ. బరంపురం నుంచి జయపురం దాకా పాత బండ్లు ప్రేమగా పెట్టుకున్న మనవాళ్ల డబ్బు చాలావరకు ఇలాగే పోతోంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగింది. ఇప్పుడు బజార్లో దొరికే కండెన్సర్లలో నాసిరకం ఎక్కువ. బాగా పనిచేస్తున్న పాతది తీసి అలాంటిది పెడితే, ఉన్న లోపానికి ఇంకొకటి తోడవుతుంది. లోపం ఏ భాగంలో ఉందో తేలేదాకా ఏదీ మార్చకండి. అది తేలేది బండి ఆగిన ఆ కాసేపట్లోనే.

కావలసినవి రెండే: ఒక మల్టీమీటర్, రెండు వైర్లు కట్టిన 12 వోల్టుల ఇండికేటర్ బల్బు. నేనైతే బల్బునే ఎక్కువ నమ్ముతాను. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 వోల్టులు చూపిస్తుంది, కానీ ఆ పోగు మీద 21 వాట్ల బల్బు సరిగా వెలగదు.

గుంతలో పడగానే లైట్లు, ఇంజన్ అన్నీ ఒకేసారి పోతే

బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ (కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగొచ్చే దారి) చూడండి. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి లగ్గుల (వైరు కొసన బిగించే లోహపు ముక్కల) కింద చిలుము పడుతుంది, పైకి బిగుతుగానే ఉంటాయి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే అల్లిక పట్టీయే దానికి ఎర్త్. అది తెగితే సెల్ఫ్ కరెంటు చోక్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టాక చోక్ కేబుల్ వేడిగా తగిలిందంటే ఇంకేమీ వెతకక్కర్లేదు. లేకపోతే, బ్యాటరీ ఎర్త్ కొసకూ ఇంజన్ బ్లాక్‌కూ మీటర్ పెట్టి ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే ఎర్త్ బాగాలేదు. లగ్గు విప్పి, కింద రేకు మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించాక పైన వాజలీన్ రాయండి. బ్యాటరీ దగ్గర పనికి ఎర్త్ వైరు ముందు తీయాలి, చివర పెట్టాలి. చాలా పాత బండ్లలో ప్లస్ కొస బాడీకి ఉండొచ్చు, చూసుకోండి.

లైట్లు బాగానే ఉండి ఇంజన్ ఒక్కటే ఆగితే

అందరినీ ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. కాయిల్‌కు ఇగ్నిషన్ స్విచ్ నుంచి వైరు వచ్చే కొసకు బల్బు ఒక వైరు, మధ్యలో చిన్న ఫ్యూజుతో, కలపండి. రెండోది బాడీకి. బల్బును డాష్‌బోర్డు మీదకు తెచ్చుకుని మామూలుగా నడపండి.

ఇంజన్ ఆగినప్పుడు బల్బు కూడా ఆరితే లోపం కాయిల్‌కు ముందే ఉంది: ఇగ్నిషన్ స్విచ్, లేదా అక్కడి నుంచి వచ్చే తెల్ల వైరు, దాని జాయింట్లు. తాళాన్ని కొంచెం అటూఇటూ కదిపితే వెలుగుతోందా? స్విచ్ అరిగింది.

బల్బు వెలుగుతూనే ఉంటే కాయిల్, డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్గుకు వంతులవారీగా కరెంటు పంపేది), లేదా పెట్రోలు. వెంటనే దిగి, విడి ప్లగ్గును ఒక ప్లగ్ వైరుకు తగిలించి, ఇంజన్‌కు ఆనించి, సెల్ఫ్ కొట్టించి స్పార్క్ చూడండి. దగ్గర్లో పెట్రోలు కారడం లేదని ముందు ఖాయం చేసుకోండి. స్పార్క్ నీలంగా గట్టిగా ఉంటే అది కరెంటు లోపమే కాదు. మే నెల ఎండలో ఘాట్ ఎక్కేటప్పుడు పైపులో పెట్రోలు ఆవిరైపోవడం మామూలే. స్పార్క్ లేకపోతే, బాగా వేడెక్కాకే ఆగి, చల్లారాక స్టార్ట్ అయ్యే బండిలో కాయిల్‌ను అనుమానించాలి. దాని ప్రైమరీ (రెండు చిన్న కొసల మధ్య చుట్ట) బ్యాలస్ట్ (విడిగా ఉండే రెసిస్టర్) లేని రకంలో దాదాపు 3 ఓములు ఉండాలి, కానీ చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే ఏమీ తెలియదు. వేడి మీదే కొలవండి. స్పార్క్ పసుపుగా బలహీనంగా ఉండి పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే స్విచ్ కొసలు) కాలి ఉంటే కండెన్సర్.

చాలామంది చూడనిది ఒకటుంది. డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లకు వెళ్లే చిన్న వైరు. యాక్సిలరేటర్ నొక్కి వదిలినప్పుడల్లా వ్యాక్యూమ్ అడ్వాన్స్ (స్పార్క్ సమయాన్ని సర్దే భాగం) పాయింట్లు బిగించిన ప్లేటును తిప్పుతుంది, వైరు వంగీ వంగీ తొడుగు లోపలే తెగుతుంది. బయటికి చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. వేళ్లతో మెల్లగా లాగితే సాగిందంటే లోపల రాగి లేదు. ప్లేటు ఎర్త్ వైరుదీ ఇదే కథ. మెత్తటి, ఎక్కువ పోగులున్న వైరు వేయించి, పాయింట్ గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య పెట్టించండి.

వానలో, పొట్టంగి మంచులో మాత్రమే మిస్ కొడితే చీకట్లో బానెట్ ఎత్తి ఇంజన్ నడపండి. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ పగులు మీద, ప్లగ్ వైర్ల మీద నీలి నిప్పు పాకడం కంటికే కనిపిస్తుంది.

బ్రేక్ నొక్కితే ఇండికేటర్ కూడా మసకగా వెలిగితే

వెనక లాంప్ ఎర్త్. హోల్డర్ కింద తుప్పు గీకండి, చాలు.

హారన్, వైపర్ ఒకసారి పనిచేసి ఒకసారి చేయకపోతే

ఫ్యూజు కాలిపోలేదు, దాన్ని పట్టుకునే క్లిప్పులు వదులయ్యాయి. రుద్ది, దగ్గరికి నొక్కండి. సిగరెట్ పెట్టె రేకు చుట్టి నడిపేవాళ్లున్నారు. దయచేసి వద్దు, ఆ వైర్లు దశాబ్దాల నాటివి, తొడుగు ఎండి పెళుసై ఉంటుంది, నిప్పంటుకుంటుంది.

తెగిన వైరు ఎక్కడ దొరికినా మెలితిప్పి టేపు చుట్టనివ్వకండి. మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించి, లగ్గు గట్టిగా నొక్కి, పైన స్లీవ్ వేయమనండి. డాష్‌బోర్డు మీది బల్బును మాత్రం ఇంకొక వానాకాలం ప్రయాణం అయ్యాకే తీయండి.