కొండెక్కేటప్పుడు వాటర్ బాటిల్‌కి తాగే గొట్టం అమర్చుకోవడం ఎలా?

ట్రెకింగ్‌లో చాలామంది బ్యాగులో నీళ్లు పెట్టుకుని కూడా దాహంతో నడుస్తుంటారు. బాటిల్ పక్క జేబులో ఉంటుంది, చెయ్యి అందదు. ఆగి బ్యాగు దింపాలంటే గుంపు ముందుకెళ్లిపోతుందేమోనని టెన్షన్. తర్వాత తాగుదాంలే అనుకుంటూనే గంట గడిచిపోతుంది. అహోబిలంలో ఉగ్రస్తంభం ఎక్కేటప్పుడైతే కొన్నిచోట్ల రెండు చేతులూ బండలు పట్టుకోవడానికే సరిపోతాయి. బాటిల్ నుంచి భుజం మీదుగా నోటి దగ్గరికి వచ్చే గొట్టం ఒకటి ఉంటే ఈ ఇబ్బంది పోతుంది.

ఇదే పనికి వీపున మోసే నీళ్ల సంచులు కూడా దొరుకుతాయి. నా ఓటు మాత్రం బాటిల్‌కే. సంచి బ్యాగు లోపల ఉంటుంది కాబట్టి నీళ్లు ఎంత మిగిలాయో కనపడదు, పైగా దాన్ని కడిగి ఆరబెట్టడం పెద్ద పని. బాటిల్‌ని ఒక్కసారి బయటికి లాగి చూస్తే ఎంత ఉందో తెలిసిపోతుంది.

కొనే ముందు మూతి కొలవండి

గొట్టం కిట్‌లో ప్రధానంగా మూడు భాగాలుంటాయి: బాటిల్‌కి బిగించే మూత, గొట్టం, చివర కొరికితే నీళ్లొచ్చే బైట్ వాల్వ్. ఇబ్బందంతా మూత దగ్గరే. కూల్‌డ్రింక్ బాటిళ్ల మూతి ఎక్కువగా 28 మిల్లీమీటర్లు ఉంటుంది. నాల్జీన్ కంపెనీ బాటిళ్ల లాంటి వెడల్పు మూతి వాటిది 63. మన దగ్గర అమ్మే వాటర్ బాటిళ్లు కంపెనీకో రకంగా ఉంటాయి, కాబట్టి ఉన్న బాటిల్‌ని షాపుకి తీసుకెళ్లి బిగించి చూడటమే మంచిది. గట్టి గోడల వెడల్పు మూతి బాటిల్ అన్నిటికన్నా మేలు, బ్రష్ లోపలికి పోతుంది.

సొంతంగా మూతకి రంధ్రం చేసి తయారు చేసుకునేవాళ్లూ ఉన్నారు. అలాగైతే చేపల తొట్టి షాపులో దొరికే గొట్టం వాడకండి. తాగే నీళ్లకు పనికొచ్చే ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గొట్టమే అడగండి.

గాలి లోపలికి పోవాలి

గట్టి బాటిల్‌లోంచి నీళ్లు పీల్చినప్పుడు ఆ ఖాళీలోకి గాలి రాకపోతే, రెండు మూడు గుక్కల తర్వాత నీళ్లు రావడం ఆగిపోతుంది. పల్చటి ప్లాస్టిక్ అయితే బాటిల్ లోపలికి సొట్టపోతుంది. అందుకే మంచి మూతల్లో గాలిని లోపలికి మాత్రమే వదిలే చిన్న వాల్వ్ ఉంటుంది. దుమ్ము పట్టి అది మూసుకుపోతే గొట్టం పాడైందనుకుని పారేస్తుంటారు. అది గాలి దారి సమస్యే, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి కడిగితే సరిపోతుంది.

బిగించడం ఇలా

మూత నుంచి బాటిల్ లోపలికి దిగే గొట్టం దాదాపు అడుగుదాకా రావాలి. పొడుగుంటే కత్తిరించండి, అయితే చివరను ఏటవాలుగా కోయండి. తిన్నగా కోస్తే గొట్టం అడుగుకు అతుక్కుపోయి నీళ్లు రావు. బాటిల్ నింపి, మూత బిగించి, సింక్ దగ్గర నాలుగు గుక్కలు గట్టిగా పీల్చి చూడండి. ఆ తర్వాత బాటిల్‌ని పక్కకి వంచి, మూత చుట్టూ వేలితో తడిమి కారుతుందేమో చూడండి.

బాటిల్‌ని పక్క జేబులో నిలబెట్టి, గొట్టాన్ని భుజం పట్టీకి క్లిప్‌తో పట్టించండి. తల కొంచెం తిప్పితే వాల్వ్ నోటికి అందాలి. అంతకన్నా పొడుగుంటే కొమ్మలకు తగులుకుంటుంది. రెండో వైపు జేబులో కూడా దాదాపు అంతే బరువు ఉంచండి. లీటరు నీళ్లంటే కిలో బరువు, ఒక పక్కకే లాగితే సాయంత్రానికి భుజం పట్టేస్తుంది.

విశ్రాంతికి బ్యాగు దింపినప్పుడు ఒక జాగ్రత్త అవసరం. వాల్వ్ బాటిల్‌లోని నీటి మట్టం కన్నా కిందికి జారి, దాని మీద బ్యాగు బరువు పడితే నీళ్లు వాటంతటవే కారిపోతూనే ఉంటాయి. తాళం తిప్పే ఏర్పాటు ఉంటే మూసేయండి, లేకపోతే వాల్వ్‌ని బ్యాగు పైన పెట్టండి.

నడుస్తూ తాగడం

పది పదిహేను నిమిషాలకోసారి ఒకటి రెండు గుక్కలు చాలు. మామూలు వాతావరణంలో గంటకు అరలీటరు ఒక అంచనా. ఎండ మండుతుంటే, ఎక్కుడు ఎక్కువుంటే ఇంకా కావాలి. నీళ్లు చేతికందేలా ఉన్నాయి కదా అని గంటల తరబడి ఉత్త నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదముంది, మధ్యలో ఉప్పగా ఏదైనా తినండి. ఓఆర్ఎస్ వేరే చిన్న బాటిల్‌లో కలుపుకోండి. గొట్టంలోకి చక్కెర పోతే బూజు త్వరగా పడుతుంది.

ఎండలో గొట్టంలో నిలిచిన నీళ్లు వేడెక్కుతాయి. తాగాక వాల్వ్‌ని కొరికి పట్టి మెల్లగా ఊదితే అవి బాటిల్‌లోకి వెనక్కి పోతాయి. ఇది మీరొక్కరే తాగే బాటిల్‌తోనే చేయండి. చలికాలంలో కేదార్‌కంఠ లాంటి హిమాలయ ట్రెక్‌లకు వెళ్లేవాళ్లకైతే ఈ అలవాటు తప్పనిసరి, ఎందుకంటే బాటిల్ కన్నా ముందు గొట్టమే గడ్డకడుతుంది. అక్కడ మామూలు మూత కూడా వెంట ఉంచుకోండి. వాగు నీళ్లయితే శుద్ధి చేశాకే బాటిల్‌లో పోయండి.

ఇంటికొచ్చాక

అదే రోజు విప్పి కడగండి, వారం ఆగితే గొట్టం లోపల జిగట పడుతుంది. సన్నని పొడుగు బ్రష్ లేకపోతే, నైలాన్ తాడు ఒకటి తీసుకుని మధ్యలో చిన్న గుడ్డ ముక్క ముడేసి, సబ్బు నీళ్లతో తడిపి, ఆ చివర నుంచి ఈ చివరకి లాగండి. వాసన వస్తుంటే వంటసోడా కలిపిన నీళ్లలో అరగంట ఉంచి, మంచి నీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. బైట్ వాల్వ్‌ని ఊడదీసి దాని చీలికలో వేలితో రుద్దండి, ఉమ్మి తగిలేది అక్కడే. గొట్టాన్ని హ్యాంగర్‌కి రెండు చివరలూ కిందికి ఉండేలా వేలాడదీయండి. లోపల ఒక్క చుక్క కనిపించినా చుట్టి లోపల పెట్టొద్దు. నల్ల చుక్కలు పడి, కడిగినా పోకపోతే గొట్టం మార్చేయండి, బాటిల్‌నీ మూతనీ అలాగే వాడుకోవచ్చు.